పంపేసిన ప్రోగ్రామ్‌కు కాపలా ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే దిగులు చుట్టూ తిరిగాయి. అమ్మిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరో విప్పి చూస్తారు, లైసెన్స్ తాళం పగలగొడతారు, లోపలి పద్ధతి ఎత్తుకుపోతారు అని. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ సి ప్లస్ ప్లస్‌లో రాసింది. ఈఎక్స్ఈ ఫైలులో ఉండేది యంత్రభాషే కదా. దాన్ని ఎవరు చదువుతారు? నిజంగా భయపడాలా?

చదువుతారు, తీరిగ్గా కూర్చుని మరీ. అమెరికా భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ 2019 మార్చిలో గిడ్రా అనే పనిముట్టును ఉచితంగా విడుదల చేసింది. మీ ఈఎక్స్ఈని అందులో పడేస్తే సి భాషను పోలిన కోడ్ తెర మీదికి వస్తుంది. మీరు పెట్టిన వేరియబుల్ పేర్లు, కామెంట్లు రావు. అయితే షరతులు, లూపులు, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో అన్నీ కనబడతాయి.

చూసేవాడు మొదట చేసేది కోడ్ చదవడం కాదు, అక్షరాల వరుసలు వెతకడం. మీరూ అదే చేసి చూడండి. విడుదలకు సిద్ధమైన ఫైలు మీద స్ట్రింగ్స్ కమాండ్ నడపండి. లైనక్స్ స్ట్రింగ్స్ మామూలుగా ఆస్కీ మాటలనే, అంటే ఒక్కో అక్షరం ఒక్కో బైటులో ఉన్న ఇంగ్లీషు మాటలనే చూపిస్తుంది. విండోస్ ప్రోగ్రాముల్లో మాటలు చాలావరకు 16 బిట్ల యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి మైనస్ ఈఎల్ అనే ఆప్షన్‌తో మరోసారి నడపాలి. 'లైసెన్స్ చెల్లదు' అన్న సందేశం అందులో కనబడిందా? చూసేవాడు గిడ్రాలో ఆ సందేశం మీద నొక్కి, దాన్ని వాడుతున్న ఫంక్షన్‌లోకి రెండు నిమిషాల్లో చేరతాడు. మీ తనిఖీ అక్కడే ఉంటుంది.

పైసా ఖర్చు లేకుండా చేయగల శుభ్రత చాలా ఉంది. దీన్ని వదిలేసి ఖరీదైన రక్షణలు కొనేవాళ్లే ఎక్కువ. లైనక్స్‌లో అయితే ముందు ఆబ్జ్‌కాపీ కమాండ్‌తో డీబగ్ సమాచారాన్ని (తప్పులు వెతకడానికి పనికొచ్చే పేర్లు, లైన్ల వివరాలు) వేరే ఫైలులోకి తీసి దాచుకోండి, తర్వాత స్ట్రిప్ కమాండ్‌తో ప్రోగ్రామ్ నుంచి తీసేయండి. ఈ వరుస తప్పితే రేపు వచ్చే క్రాష్ రిపోర్టులు మీకే అర్థం కావు. లైబ్రరీలను విజిబిలిటీ హిడెన్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే బయటికి అక్కర్లేని ఫంక్షన్ల పేర్లు ఎక్స్‌పోర్ట్ పట్టికలోకి ఎక్కవు. విండోస్‌లో డీబగ్ సమాచారం ఉండే పీడీబీ ఫైలును ఎటూ పంపరు. కానీ ఆ పీడీబీ పూర్తి దారి, అంటే మీ కంప్యూటర్లో యూజర్ పేరు, ప్రాజెక్టు ఫోల్డర్ పేరుతో సహా, ఈఎక్స్ఈలో రాసి ఉంటుంది. లింకర్‌కు పీడీబీ ఆల్ట్ పాత్ ఆప్షన్ ఇస్తే పోతుంది. లాగ్ మాక్రోల్లో ఫైలు పేరును చొప్పించే అలవాటుంటే సోర్స్ ఫైళ్ల పేర్లన్నీ బయటపడతాయి. విడుదల బిల్డ్‌లో వాటి చోట అంకెలు పెట్టండి.

క్లాసుల పేర్లు ఆర్‌టీటీఐ ద్వారా, అంటే నడిచేటప్పుడు వాడుకోవడానికి కంపైలర్ ప్రోగ్రామ్‌లో రాసి ఉంచే టైపుల సమాచారం ద్వారా బయటపడతాయి. దాన్ని ఆపేయవచ్చు, కానీ డైనమిక్ కాస్ట్, టైప్ఐడీ వాడే చోట్ల బిల్డ్ ఆగిపోవచ్చు. అలాంటప్పుడు లైసెన్స్‌కు సంబంధించిన క్లాసులకైనా 'లైసెన్స్ చెకర్' లాంటి బోర్డు పేర్లు తీసేయండి. చివరగా లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ పెట్టండి, అంటే ఫైళ్లన్నీ కలిపే దశలో కంపైలర్ మొత్తాన్నీ మరోసారి మెరుగుపరుస్తుంది. చిన్న ఫంక్షన్లు పెద్దవాటిలో కలిసిపోయి చదవడం కష్టమవుతుంది, వేగమూ పెరుగుతుంది.

గో భాష వాడేవాళ్లకు ఒక మాట. మైనస్ ఎస్, మైనస్ డబ్ల్యూ ఫ్లాగులు పెట్టినా ఫంక్షన్ల పేర్లు పోవు, ఆ భాష రన్‌టైమ్‌కు వాటితో పని ఉంది. వాటిని మార్చాలంటే గార్బుల్ లాంటి పనిముట్టు కావాలి.

ప్రశ్న: లైసెన్స్ కీ పద్ధతిని సొంతంగా రాసుకున్నాం. కస్టమర్ పేరుకు ఒక రహస్య పదం కలిపి హ్యాష్ (వెనక్కి తిప్పలేని లెక్కతో వచ్చే ముద్ర) తీసి, మొదటి 16 అక్షరాలు కీగా ఇస్తాం. విడుదలైన కొద్ది వారాలకే దొంగ కీలు తయారుచేసే ప్రోగ్రామ్, కీ జనరేటర్, బయటికొచ్చింది. ఎక్కడ తప్పింది?

కీని సరిచూడ్డానికి మీ ప్రోగ్రామ్ కూడా అదే హ్యాష్ తీయాలి. అంటే రహస్య పదమూ, తయారీ పద్ధతీ రెండూ ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. దొంగ చేతికే తాళాలు ఇచ్చారు. వాడు మీ కోడ్‌ను అర్థం చేసుకోనక్కర్లేదు, ఆ ఫంక్షన్‌ను యథాతథంగా కోసుకుని తన ప్రోగ్రామ్‌లో అతికించుకున్నా కీ జనరేటర్ తయారు.

సరిచూడగలిగేదీ తయారుచేయగలిగేదీ వేరువేరుగా ఉండాలి. దానికి డిజిటల్ సంతకం వాడాలి. ఈడీ 25519 అనే సంతకం పద్ధతి తీసుకోండి. పబ్లిక్ కీ 32 బైట్లు, సంతకం 64 బైట్లు. ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, ప్రోగ్రామ్‌లో పబ్లిక్ కీ మాత్రమే పెడతారు. లైసెన్స్‌లో కస్టమర్ నంబరు, ఉత్పత్తి, గడువు తేదీ, అనుమతించిన ఫీచర్లు రాసి, ఆ మొత్తం మీద సంతకం చేయండి. ఈ సమాచారం 20 బైట్లు అనుకుంటే సంతకంతో కలిపి 84 బైట్లు, అంటే 672 బిట్లు. ఒక్కో అక్షరానికి 5 బిట్లు పట్టే బేస్ 32లో రాస్తే 135 అక్షరాలవుతుంది. చేత్తో టైపు చేయించే ఆశ వదులుకోండి. ఫైలుగా పంపండి, లేదా కాపీ చేసి అతికించమనండి. పొట్టి కీ కోసం సంతకాన్ని సగానికి కత్తిరించేవాళ్లూ ఉన్నారు. అది సంతకం కాదు, సరిచూడ్డమే కుదరదు.

పబ్లిక్ కీలు రెండు పెట్టండి, ఒకటి వాడుకకు, ఒకటి అత్యవసరానికి. మొదటి ప్రైవేట్ కీ ఎప్పుడైనా లీకైతే పాత కస్టమర్లందరికీ కొత్త ప్రోగ్రామ్ పంపేదాకా ఆగకుండా రెండో కీతో లైసెన్సులు ఇవ్వవచ్చు. రెండో ప్రైవేట్ కీ నెట్‌కు తగిలించని చోట ఉండాలి.

దీంతో కీ జనరేటర్ల బెడద పోతుంది. తనిఖీని తప్పించేలా ప్రోగ్రామ్‌నే మార్చేసే క్రాక్ బెడద పోదు. ఎందుకంటే సంతకం సరిపోయిందా అన్న ప్రశ్న చివరికి ఒక్క జంప్ ఆదేశం దగ్గర తేలుతుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో 'సమానమైతే దూకు' అన్న పొట్టి ఆదేశం హెక్సాడెసిమల్‌లో 74 అనే బైటు. దాన్ని 75 చేస్తే అర్థం తిరగబడుతుంది. ఈబి చేస్తే ఎప్పుడూ దూకుతుంది. మీ గణితమంతా ఒక బైటు దగ్గర ఓడిపోతుంది. లేదంటే మీ 32 బైట్ల పబ్లిక్ కీ స్థానంలో దొంగ తన కీ పెట్టుకుంటాడు.

అందుకని అవును, కాదు అని తిరిగిచ్చే ఒకే ఫంక్షన్ మీద భారమంతా వేయకండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒకసారి, ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒకసారి, పెద్ద నివేదిక తీసేటప్పుడు ఒకసారి, వేరువేరు చోట్ల విడివిడిగా సరిచూడాలి. ఆ కోడ్ ఇన్‌లైన్ కావాలి, అంటే పిలిచిన ప్రతి చోటా దాని నకలు చేరాలి, లేకపోతే కంపైలర్ అన్నిటినీ ఒక ఫంక్షన్‌గానే ఉంచుతుంది, మీ శ్రమ వృథా. తనిఖీ విఫలమైన క్షణంలోనే సందేశం చూపకుండా, ఆ సంగతి గుర్తుంచుకుని మరోచోట చూపిస్తే వెనక్కి వెతుక్కుంటూ రావడం కష్టమవుతుంది. ఇంకా గట్టి మార్గం: ప్రోగ్రామ్‌కు తప్పనిసరైన పట్టికను ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతితో గుప్తీకరించి, ఆ తాళంచెవిని లైసెన్స్ ఫైలులోనే పంపడం. జంప్ మార్చినా పట్టిక తెరుచుకోదు. అయితే డబ్బు కట్టిన ఒక్క కస్టమర్ తన ఫైలు పంచిపెడితే ఈ తాళంచెవీ అందరికీ దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. క్రాక్ చేసినవాళ్ల లెక్కలు తప్పేలా, ఫైళ్లు పాడయ్యేలా రహస్య శిక్షలు పెట్టకండి. తనిఖీ పొరపాటున తప్పిందంటే నష్టపోయేది డబ్బు కట్టినవాడు. క్రాక్ వాడేవాడేమో మీ ప్రోగ్రామ్ తప్పులతడక అని ఊరంతా చాటుతాడు.

ప్రశ్న: లైసెన్స్‌ను ఒక్క కంప్యూటర్‌కే కట్టేశాం. ఇప్పుడు నిజమైన కస్టమర్ల నుంచే ఫిర్యాదులు.

ఏ లక్షణానికి కట్టారన్నది ముఖ్యం. మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ అడాప్టర్ గుర్తింపు సంఖ్య) అయితే వీపీఎన్ పెట్టినా, యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ మార్చినా మారిపోతుంది. డిస్క్ వాల్యూమ్ సీరియల్ ఫార్మాట్ చేస్తే పోతుంది. అయిదు లక్షణాలు తీసుకుని, విడివిడిగా హ్యాష్ చేసి, మూడు సరిపోతే చాలనుకోండి. అయిదింటినీ కలిపి ఒకే హ్యాష్ తీస్తే ఒక్కటి మారినా అంతా పోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. కంప్యూటర్ మార్చుకున్నవాళ్లు ఏడాదికి రెండుమూడు సార్లు ఎవరినీ అడక్కుండా మళ్లీ యాక్టివేట్ చేసుకోనివ్వండి.

నెట్ లేకపోయినా 14 నుంచి 30 రోజులు నడవాలి. గడియారం వెనక్కి తిప్పి ట్రయల్ పొడిగించేవాళ్ల కోసం చివరిసారి చూసిన సమయాన్ని ప్రపంచమంతా ఒకటే అయిన యూటీసీలో రాసుకోండి, స్థానిక సమయంలో కాదు. 24 గంటలకు మించి వెనక్కి వెళితే సర్వర్‌ను అడగండి, వెంటనే తలుపు మూసేయకండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్ ప్రతి ఉదయం ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది. దాని యజమాని దొంగ కాదు.

ప్రశ్న: పైథాన్ ప్రోగ్రామ్‌ను పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఈఎక్స్ఈగా చేసి ఇస్తున్నాం. ఇది చాలా?

అది మూట మాత్రమే, తాళం కాదు. మూట విప్పే స్క్రిప్టు ఉచితంగా దొరుకుతుంది, లోపల మీ పైసీ ఫైళ్లు, అంటే పైథాన్ బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ నడిపే మధ్యస్థ రూపం), ఉన్నవున్నట్టు ఉంటాయి. వాటినుంచి సోర్స్ దాదాపుగా తిరిగొస్తుంది. కొత్త పైథాన్ వెర్షన్లకు డీకంపైలర్లు తడబడినా బైట్‌కోడ్ చదవడానికి పైథాన్‌లోని డిస్ మాడ్యూలే చాలు. పైఇన్‌స్టాలర్‌లో బైట్‌కోడ్‌ను గుప్తీకరించే ఆప్షన్ ఒకటి ఉండేది. తాళంచెవి కూడా ఆ మూటలోనే ఉండాల్సి రావడంతో దానివల్ల ఒరిగేదేమీ లేకపోయింది, 6.0 వెర్షన్‌లో తీసేశారు.

కాపాడాల్సిన రెండుమూడు మాడ్యూళ్లను సైథాన్ అనే పనిముట్టుతో సి మీదుగా పీవైడీగా, అంటే పైథాన్ నేరుగా ఎక్కించుకునే యంత్రభాష ఫైలుగా కంపైల్ చేయండి. మిగతాది అలాగే ఉండనివ్వండి. ఇక్కడ మూడు తిప్పలు వస్తాయి. సైథాన్ మాడ్యూల్ లోపలి ఇంపోర్ట్‌లు పైఇన్‌స్టాలర్‌కు కనబడవు, వాటిని హిడెన్ ఇంపోర్ట్‌గా మీరే చెప్పాలి. లేకపోతే మీ దగ్గర నడిచింది కస్టమర్ దగ్గర మాడ్యూల్ దొరకలేదంటూ ఆగిపోతుంది. పైథాన్ 3.11కు చేసిన పీవైడీ మామూలుగా 3.12లో ఎక్కదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది: పీవైడీ పక్కనే అసలు పైథాన్ ఫైలు, సైథాన్ తయారుచేసిన సి ఫైలు మర్చిపోయి పంపేయడం. ప్యాకేజీని విప్పి చూశాకే విడుదల చేయండి.

మొత్తం ప్రోగ్రామ్‌ను కంపైల్ చేయాలంటే నూయిట్కా ఉంది. సైథాన్, నూయిట్కా రెండిట్లోనూ ఫంక్షన్ల పేర్లు, మీరు రాసిన మాటలు చదవడానికి వీలుగానే ఉంటాయి. పాస్‌వర్డులు అందులో దాగవు.

ప్రశ్న: ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక చెల్లింపు సేవ ఏపీఐ కీ (ఆ సేవను వాడుకోనిచ్చే రహస్య సంకేతం) ఉంది. స్ట్రింగ్స్ ఎక్స్ఎంఎల్ నుంచి తీసి, సి ప్లస్ ప్లస్ లైబ్రరీలో ముక్కలుగా పెట్టి, బిట్లను తారుమారు చేసే ఎక్స్ఆర్ లెక్క వేశాం. ఇప్పుడు భద్రమేనా?

కాదు. ఆ కీ చివరికి వెళ్లేది నెట్‌వర్క్ మీదే. ఫోను తనదైనప్పుడు దొంగ మధ్యలో రాకపోకలను చూపే మిట్‌మ్‌ప్రాక్సీ పెట్టుకుని, సర్టిఫికెట్ పిన్నింగ్‌ను (మీ సర్వర్ సర్టిఫికెట్‌నే నమ్మాలన్న యాప్ తనిఖీని) నడుస్తున్న యాప్‌ను మార్చే ఫ్రిడాతో తప్పించి, కీని పూర్తి రూపంలో చదువుకుంటాడు. మీరు ఎక్కడ దాచారన్నది వాడికి అనవసరం.

ఆ కీని ముందు రద్దు చేయించండి. యాప్ నుంచి తీసేసినా పాత ఏపీకేల్లో (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్లలో), గిట్ చరిత్రలో అది ఉంటుంది. కొత్త కీ మీ సర్వర్లో ఉండాలి. యాప్ మీ సర్వర్‌ను అడుగుతుంది, మీ సర్వర్ ఆ సేవను అడుగుతుంది. యూజర్‌కు లాగిన్, గంటకు ఇన్ని అభ్యర్థనలే అన్న పరిమితి పెట్టండి. మ్యాపుల్లాంటి సేవల కీ యాప్‌లో ఉండక తప్పదు. దాన్ని ప్యాకేజీ పేరుకు, సంతకం సర్టిఫికెట్ షా 1 ముద్రకు పరిమితం చేయండి. యాప్ అసలుదేనా అని చెప్పే గూగుల్ సేవ ప్లే ఇంటెగ్రిటీ వాడితే వచ్చిన టోకెన్‌ను సరిచూడాల్సింది సర్వర్లో. యాప్‌లోనే సరిచూస్తే అదీ ఒక జంప్ ఆదేశమే.

కోడ్ సంగతికొస్తే విడుదల బిల్డ్‌లో మినిఫై ఎనేబుల్డ్ పెడితే కోడ్‌ను కుదించే ఆర్8 పనిముట్టు పేర్లన్నీ ఏ, బి, సి లుగా కుదిస్తుంది. మీ మాటలను మాత్రం గుప్తీకరించదు. పెట్టగానే వచ్చే సమస్య: జేసన్ నుంచి ఆబ్జెక్టులు ఖాళీగా రావడం. జేసన్ డేటాను చదివే జీసన్ లైబ్రరీ ఫీల్డు పేర్లను రిఫ్లెక్షన్‌తో, అంటే నడిచేటప్పుడు పేరునుబట్టి వెతుకుతుంది, ఆ పేర్లు మారిపోయాయి. సీరియలైజ్డ్ నేమ్ గుర్తు పెట్టండి. అంతే గానీ ప్యాకేజీ మొత్తాన్నీ కీప్ చేస్తే ఆర్8 పెట్టి లాభం లేదు. ప్రతి విడుదలకూ పాత పేర్లకూ కొత్త పేర్లకూ పొంతన చెప్పే మ్యాపింగ్ ఫైలు వేరుగా దాచండి.

ప్రశ్న: జావాస్క్రిప్ట్‌తో రాసే ఎలక్ట్రాన్ డెస్క్‌టాప్ యాప్ సంగతేమిటి?

యాప్ కోడ్‌ను మూటకట్టే ఏఎస్ఏఆర్ ఫైలు ఒక్క కమాండ్‌తో విడిపోతుంది. అసలు సోర్స్‌కు దారి చూపే సోర్స్ మ్యాపులు పంపకండి, కోడ్ మినిఫై చేయండి. నిజంగా విలువైనది ఉంటే రస్ట్‌లోనో సి ప్లస్ ప్లస్‌లోనో నేటివ్ యాడాన్‌గా రాయండి, వీలైతే సర్వర్‌కు మార్చండి. బైట్‌నోడ్ అనే పనిముట్టుతో వీ8 (జావాస్క్రిప్ట్ ఇంజిన్) బైట్‌కోడ్‌గా మార్చవచ్చు గానీ ఎలక్ట్రాన్ వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేయాలి.

ప్రశ్న: యూపీఎక్స్‌తో ప్యాక్ చేశాం. ఇప్పుడు యాంటీవైరస్‌లు మా ఇన్‌స్టాలర్‌ను వైరస్ అంటున్నాయి.

యూపీఎక్స్ పరిమాణం తగ్గించడానికి. మైనస్ డి పెడితే అదే విప్పేస్తుంది, రక్షణ అనే మాటే లేదు. రాయగలిగీ నడపగలిగీ ఉన్న మెమరీ భాగాలు, నాలుగైదు ఫంక్షన్లే ఉన్న ఇంపోర్ట్ పట్టిక, యాదృచ్ఛికంగా కనిపించే డేటా: ఇవన్నీ వైరస్‌ల లక్షణాలు కూడా. ప్యాకర్ తీసేయండి. కోడ్ సైనింగ్ సర్టిఫికెట్‌తో సంతకం చేయండి, టైమ్‌స్టాంప్ తప్పకుండా పెట్టండి, లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజు పాత ఇన్‌స్టాలర్లన్నీ చెల్లకుండా పోతాయి. 2023 జూన్ 1 నుంచి ఇలాంటి సర్టిఫికెట్ల ప్రైవేట్ కీ హార్డ్‌వేర్ టోకెన్‌లోనో హెచ్ఎస్ఎంలోనో (కీలను దాచే భద్రతా యంత్రం) ఉండాలన్న నిబంధన ఉంది. బిల్డ్ సర్వర్‌ను దానికి తగ్గట్టు మార్చుకోండి. ఏ రక్షణ వేసినా సంతకం చివర్లోనే, ముందు చేస్తే చెరిగిపోతుంది.

ప్రశ్న: డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను అడుగడుగునా ఆపి చూపే పనిముట్టు) ఉందేమో కనిపెట్టి ప్రోగ్రామ్‌ను ఆపేస్తే?

ఈజ్ డీబగ్గర్ ప్రెజెంట్ అనే విండోస్ ఫంక్షన్ చేసేది ప్రాసెస్ సమాచారంలోని ఒక బైటు చదవడం. ఎక్స్64డీబీజీ అనే డీబగ్గర్‌కు ఉన్న సిల్లాహైడ్ ప్లగిన్ ఆ బైటును సున్నా చేసేస్తుంది. ఈ తనిఖీ కుర్రాళ్లను ఓ గంట ఆపుతుంది, అంతే. వర్చువల్ మెషీన్ కనబడితే ఆపేద్దాం అన్న ఆలోచన ఇంకా చెడ్డది. ఉద్యోగులందరికీ వర్చువల్ డెస్క్‌టాప్‌లు ఇచ్చే పెద్ద సంస్థలే మీకు ఎక్కువ డబ్బు కట్టే కస్టమర్లు కావచ్చు.

ప్రశ్న: ప్రోగ్రామ్ మొత్తాన్నీ వీఎంప్రొటెక్ట్ లాంటి దాంతో కప్పేయవచ్చా? ప్రయత్నిస్తే భరించలేనంత నెమ్మదించింది.

నెమ్మదించడం సహజం. అది మీ యంత్రభాషను తాను సృష్టించిన మరో యంత్రభాషలోకి మార్చి, దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను లోపల పెడుతుంది. మీ ఒక్కో ఆదేశానికి అక్కడ పదుల ఆదేశాలు నడుస్తాయి. చూసేవాడు ముందు ఆ కొత్త భాష నేర్చుకుంటే గానీ మీ కోడ్ జోలికి రాలేడు, బలం అక్కడే.

కాబట్టి ఎంచుకుని వాడాలి. ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ నడపండి. మొదట్లో ఒకసారి నడిచి కొన్ని మిల్లీసెకన్లలో ముగిసేవి, అంటే లైసెన్స్ విడదీయడం, తాళంచెవి రాబట్టడం లాంటివి ఇవ్వండి. బొమ్మలో ప్రతి పిక్సెల్‌కూ నడిచే లూపును ఇవ్వొద్దు. ఎక్సెప్షన్లు విసిరే ఫంక్షన్లతో ఇబ్బందులొస్తాయి, పరీక్షలన్నీ కప్పిన బిల్డ్ మీదే మళ్లీ నడపాలి.

పద్ధతిలో రహస్యం ఉన్న లెక్కలకు తేలికైన అబ్‌ఫస్కేషన్ (కోడ్‌ను చదవలేకుండా గజిబిజి చేయడం) ఉంది. బిట్ల లెక్కనూ మామూలు లెక్కనూ కలగలపడం. 6, 3 కూడాలనుకోండి. వాటి ఎక్స్ఆర్ 5, యాండ్ 2. రెండోదాన్ని రెట్టింపు చేసి కలిపితే 9. కూడిక జాడే కనబడదు. ఇలాంటివి పొరలుపొరలుగా వేస్తే డీకంపైలర్ చూపేది చదవబుద్ధి కాదు. సరళం చేసే పనిముట్లూ ఉన్నాయి కాబట్టి ఇది ఆలస్యం చేసే ఉపాయమే. 2001లో కంప్యూటర్ శాస్త్రవేత్త బోవాజ్ బరాక్, మరికొందరు గణితపరంగానే చూపించారు, లోపలిదేమీ బయటపడకుండా ఏ ప్రోగ్రామ్‌నైనా కప్పగల సార్వత్రిక పద్ధతి అసాధ్యమని.

ప్రశ్న: క్రాక్ బయటికొచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

దాన్ని సంపాదించి నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో పెట్టండి, క్రాక్‌లలో వైరస్‌లు తరచూ ఉంటాయి. నడపనక్కర్లేదు. అదే వెర్షన్ మీ అసలు ఫైలుతో బైటుకు బైటు పోల్చండి. విండోస్‌లో ఎఫ్‌సీ స్లాష్ బి, లైనక్స్‌లో సీఎంపీ మైనస్ ఎల్. ఒకటి రెండు బైట్లే మారితే తనిఖీ అంతా ఒక్కచోటే ఉందని అర్థం. 32 బైట్లు వరుసగా మారితే పబ్లిక్ కీ మార్చారు. ఏమీ మారకుండా లైసెన్స్ ఫైలు తోడొస్తే ఎవరో కస్టమర్ తనది ఇచ్చేశాడు. దానిలోని కస్టమర్ నంబరు చూసి, తర్వాతి వెర్షన్‌లో రద్దు జాబితాలో చేర్చండి. కార్డు దొంగిలించి కొన్న లైసెన్సూ కావచ్చు, కాబట్టి నేరుగా నిందించే ముందు చెల్లింపు వివరాలు సరిచూడండి.

మారిన చోటును దిద్ది, తనిఖీల స్థానాలు మార్చి, కస్టమర్లు ఎదురుచూస్తున్న ఫీచర్ ఏదైనా ఉంటే దాంతో కలిపి కొత్త వెర్షన్ ఇవ్వండి. దిద్దుబాటు మాత్రమే ఉన్న వెర్షన్‌కు ఎవరూ మారరు, క్రాక్ వాడేవాళ్లు అసలే మారరు.